పదకొండో ప్రశ్న

వాన వచ్చేలా ఉంది గానీ ఇంకా రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అంబులెన్సులు నిలిపే షెడ్డు పక్కన చిన్న గదిలో లెక్కలమ్మాయి బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో బరువు పెట్టింది: స్టేప్లరు, తాళంచెవుల గుత్తి, డ్రైవరు క్యారేజీ మూత.

"లెక్కల మేష్టారూ, ఆ మూత ఇస్తే క్యారేజీ సర్దుకుంటాను," అన్నాడు డ్రైవరు.

"రెండు నిమిషాలు ఆగండి బాబాయ్. ఎగిరిపోతే అరవై నాలుగు మంది రోగులు కలిసిపోతారు."

డ్రైవరుకి యాభై అయిదు దాటాయి. ఆమెకి ఇరవై ఆరు. బండి ముందు సీటు అతనిది, వెనక రోగి పక్కన కూర్చునే ఉద్యోగం ఆమెది. రెండేళ్ళుగా ఒకే బండి. ఏ రోడ్డులో ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో కూడా ఆమె లెక్కపెట్టిందని తెలిసిన రోజున అతనే ఆ పేరు పెట్టాడు. అది అందరికీ అలవాటైపోయింది.

ఈ కాగితాల గొడవ ఎవరూ అడక్కుండా ఆమె తనకు తానే నెత్తికెత్తుకున్నది. పక్షవాతం అనుమానం ఉన్న మనిషికి పదకొండు పరీక్షలు చేస్తారు. ఇప్పుడు ఏ నెల, పళ్ళు చూపించండి, చెయ్యెత్తి నేను పది లెక్కపెట్టేదాకా ఉంచండి, ఇలాంటివి. లోపం ఎంత ఉంటే అన్ని మార్కులు. మొత్తం అయిదు దాటితే స్ట్రోక్ బృందం గేటు దగ్గరే కాచుకుని నేరుగా స్కానింగుకి తీసుకుపోవాలి. దాటకపోతే క్యాజువాల్టీలో వరస. కానీ అంబులెన్సు వాళ్ళ మార్కుల్ని ఆస్పత్రి నమ్మేది కాదు. నరాల డాక్టరు మళ్ళీ మొదటినుంచి తన మార్కులు వేసుకునేది. అందులో పావుగంట హుష్‌కాకి. మెదడుకి ఆ పావుగంట చాలా ఎక్కువ.

"మా మార్కులూ మీ మార్కులూ కలుస్తాయని చూపిస్తే నమ్ముతారా మేడమ్?" అని అడిగింది లెక్కలమ్మాయి.

"చూపించు చూద్దాం," అంది డాక్టరు.

నాలుగు నెలలు. అరవై నాలుగు మంది. బండిలో ఒక కవరు, ఆస్పత్రిలో ఒక కవరు, ఒకరిది ఒకరు చూడకూడదు. పొరపాటు దొరికితే సరిచూసుకోవడానికి రెండుచోట్లా పైన కెమెరా. అంకెలు వచ్చాయి. పూర్తిగా కలిస్తే ఒకటి, గుడ్డిగా వేసినట్టుంటే సున్నా. పది ప్రశ్నలకీ ఎనభై పైసలకి తగ్గలేదు, అంటే సున్నా పాయింట్ ఎనిమిది. ఆమె వాటిని పైసల్లోనే చెప్పేది. పదకొండోది మాత్రం ముప్పై అయిదు పైసలు.

పదకొండో ప్రశ్న ఇది. రోగి ఎడమ చెయ్యి ఎత్తి అతని కళ్ళ ముందు పెట్టి, "ఈ చెయ్యి ఎవరిది?" అని అడగాలి. మెదడు కుడివైపు దెబ్బతింటే కొందరికి ఎడమవైపు ప్రపంచమే ఉండదు. సొంత చేతిని చూపించినా నాది కాదంటారు. అలా అంటే రెండు మార్కులు.

"ఈ ఒక్కటీ మొత్తం లెక్కని చెడగొడుతోంది మేడమ్. అంబులెన్సు ఫారంలోంచి తీసేద్దాం," అంది ఆమె.

డాక్టరు ఆ అంకెలు మళ్ళీ ఒకసారి చూసి సరేనంది. కొత్త ఫారాలు పది ప్రశ్నలతో అచ్చయి, ఇవాళ పొద్దున ఎనిమిదింటికి బళ్ళు ఎక్కాయి. ఎందుకు తీసేశామో ఒక పేజీ రాసిపెట్టాలని ఇవాళ ఆమెకి బండి డ్యూటీ తప్పించారు.

డ్రైవరు మూత తీసుకుని వెంటనే కదల్లేదు.

"అమ్మాయ్, ఆ చెయ్యి ప్రశ్న ఉంచకూడదూ?"

"ఎందుకు బాబాయ్?"

"నవ్వకూడదు మరి. నువ్వు వెనక అది అడుగుతావా... వాళ్ళు కాదంటారా... అనగానే బండి తేలికవుతుంది."

"తేలికా?"

"ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టుకున్నా. వెనక మనిషి ఎక్కితే నాకు తెలుస్తుంది, దిగితే తెలుస్తుంది. ఎవరో దిగినట్టు ఉంటుంది, అంతే."

"అరవై నాలుగు మందిలో ఎంతమందికి అలా అయింది?"

"అదిగో, దానికీ లెక్కే!" అని అతను నవ్వబోయి నవ్వలేదు. ఇంతలో ఫోను మోగింది. ఏదో కేసు. ఆమె బదులు వచ్చిన అతన్ని ఎక్కించుకుని బండి సైరనుతో బయటికి వెళ్ళిపోయింది.

*

వీడియోలు చూసే గది ఆస్పత్రి కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ముల వాసన, ఎక్కడో తడి గుడ్డ మరిచిపోయిన వాసన. ఆమె తలుపు వేసుకుని కంప్యూటరు పెట్టుకుంది.

ముందు తేడా వచ్చిన కేసులు ఏరింది. తొమ్మిది. పక్కన రెండు నిలువు గళ్ళు గీసింది. బండిలో రెండు, ఆస్పత్రిలో సున్నా. బండిలో రెండు, ఆస్పత్రిలో సున్నా. బండిలో రెండు...

పెన్ను ఆగింది.

పొరపాట్లు రెండువైపులా ఉండాలి. ఒకసారి మనం ఎక్కువ వేస్తాం, ఒకసారి వాళ్ళు ఎక్కువ వేస్తారు. నాణెం ఎగరేస్తే తొమ్మిదిసార్లూ బొమ్మే పడటానికి అయిదువందల పన్నెండులో ఒక్క అవకాశం. మొత్తం మార్కు కూడినప్పుడు ఈ సంగతి తనకి ఎందుకు తట్టలేదో ఆమెకే అర్థం కాలేదు. పైసలే చూసింది. ఏ వైపు ఒరిగిందో చూడలేదు.

మొదటి వీడియో పెట్టింది. రిటైరయిన బడిపంతులు. తెర మీద తన గొంతే తనకి వింతగా వినిపించింది.

"ఈ చెయ్యి ఎవరిదండీ?"

"ఎవరిదో. తడిగా ఉంది. తీసెయ్యమ్మా."

"మీది కాదా?"

"నాది కాదు."

ఆయన ఆ మాట అనగానే తెర మీది బొమ్మ చిన్నగా పైకి ఊగింది. రోడ్డు గుంత అయి ఉంటుందనుకుంది. ఆ రోడ్డు ఆమెకి తెలుసు. అక్కడ గుంత లేదు.

రెండోది బట్టల కొట్టావిడ. "ఇది నా చెయ్యి కాదు తల్లీ, ఎవరో నా పక్కలో పెట్టారు." బొమ్మ ఊగింది. మూడోది... ఊగింది.

నాలుగోది లారీ మనిషి. ఆరడుగుల ఆసామి, చేతుల నిండా ఒత్తుగా నల్లటి వెంట్రుకలు. వీడియోలో ఆమె అతని ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుంది. మార్కు వెయ్యాలంటే రోగి మొహం చూడాలి, మాట వినాలి. ఆరోజు ఆమె అదే చేసింది. చెయ్యిని ఎవరు చూస్తారు?

ఇప్పుడు చూసింది.

వెంట్రుకలు మణికట్టు దగ్గర ఆగిపోయాయి. గీత గీసినట్టు. అక్కణ్ణించి కింద సన్నటి, పాలిపోయిన చెయ్యి. నీళ్ళలో చాలాసేపు నానినట్టు వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి. చిటికెన వేలు లోపలికి వంకర. దాని గోరు సగమే ఉంది.

అదే మనిషి ఆస్పత్రి వీడియో పెట్టింది. "మీ చెయ్యేనా?" అని డాక్టరు అడుగుతోంది. "నాదే," అంటున్నాడు. మొద్దు వేళ్ళు, వెంట్రుకలు, తిన్నని చిటికెన వేలు.

గదిలో తడి గుడ్డ వాసన పెరిగినట్టనిపించింది. ఆమె కుర్చీ కొద్దిగా గోడవైపు జరుపుకుంది.

వెనక్కి వెళ్ళింది. బడిపంతులు... వంకర వేలు. కొట్టావిడ... వంకర వేలు. అయిదు. ఆరు. ఏడు. తొమ్మిది మంది. అదే వేలు, అదే సగం గోరు. తొమ్మిదిసార్లు ఆ చేతిని ఎత్తి పట్టుకున్నది తనే. తన గ్లవుజు వేళ్ళ మధ్య అది పడుకుని ఉంది, ఒళ్ళో పిల్లిలా.

రెండుచోట్లా కాదన్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళవీ చూసింది. వాళ్ళ చేతులు వాళ్ళవే. జబ్బు వాళ్ళ మాటలో ఉంది. ఈ తొమ్మిది మంది మాత్రం జబ్బుతో అనలేదు. ఉన్నదే చెప్పారు. నోరు తెరిచి నాది కాదన్నారు, అది దిగిపోయింది. ఆస్పత్రి చేరేసరికి ఎవరి చెయ్యి వాళ్ళకి వచ్చేసింది.

అడిగారు కాబట్టి అన్నారు.

ఇవాళ పొద్దున ఎనిమిదింటినుంచి ఎవరూ అడగడం లేదు.

ఒళ్ళో ఫోను వణికింది. బావ.

"చిట్టీ... కంగారుపడకు. అక్క కుట్టుమిషను మీదే పక్కకి వాలిపోయింది. మీ అంబులెన్సే వచ్చింది. ఇప్పుడు క్యాజువాల్టీలో ఉన్నాం. పర్లేదంటున్నారు. ఒకటే మార్కు వచ్చిందట."

*

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి గుర్తులేదు. అమ్మ పోయినప్పుడు ఆమెకి ఏడేళ్ళు, అక్కకి పదిహేను. జడ వేసింది, అన్నం పెట్టింది, పాఠాలు అప్పజెప్పించుకుంది, అంతా అక్కే. ఎక్కాలు నేర్పిందీ అక్కే, బట్టలు కొలిచే టేపు మీద. పెళ్ళయ్యాక కూడా చెల్లెలు నాతోనే ఉంటుందని బావకి ముందే చెప్పి మరీ చేసుకుంది.

క్యాజువాల్టీ తలుపు దగ్గర డ్రైవరు నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"బాబాయ్, అక్క బండిలో ఏమైనా అందా?"

అతను ఆమెని కాస్త పక్కకి తీసుకొచ్చాడు.

"చెప్పండి."

"మూడుసార్లు అంది. ఎవరిదో చెయ్యి నా మీద వేశారు, తియ్యండి అని. వెనకున్న కుర్రాడు కాగితం చూసుకున్నాడు. అందులో గడి లేదు. పడుకోండమ్మా, మాట్లాడకండి అన్నాడు. మూడోసారి తర్వాత మరి అనలేదు."

"బండి...?"

"తేలిక కాలేదమ్మాయ్," అన్నాడతను నేల చూస్తూ. "దింపాక కూడా నా చేతులు ఇంకా బరువుగానే ఉన్నాయి."

అక్క చివరి పడక మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. మొహం కొంచెం వాడింది, అంతే. చెల్లెల్ని చూసి నవ్వింది. నవ్వు రెండువైపులా సమంగా ఉంది.

"ఏమే, పరిగెత్తుకొచ్చావా? చూడు ఎలా రొప్పుతున్నావో! నన్ను లేపి నువ్వు పడుకునేలా ఉన్నావు."

"అక్కా... నీ ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు."

"అబ్బా, మళ్ళీ పరీక్షా? ఇందాకటినుంచి పళ్ళు చూపించీ చూపించీ దవడలు పడిపోయాయి."

దుప్పటి కింద నుంచి చెయ్యి వచ్చింది. అక్క చూపు మాత్రం అటు తిరగలేదు. లెక్కలమ్మాయి దాన్ని పట్టుకుంది. ఈసారి గ్లవుజు లేదు. చల్లగా ఉంది. చెమ్మగా ఉంది. చిటికెన వేలు...

దాన్ని అక్క కళ్ళ ముందుకి ఎత్తింది. అడిగింది. ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు.

"ఈ చెయ్యి ఎవరిదక్కా?"

"నాదే," అంది అక్క.

"సరిగ్గా చూసి చెప్పు."

"నాదేనే! మరెవరిదనుకున్నావ్? బావదా?"

బావ నవ్వాడు. పక్క పడక దగ్గరి నర్సు కూడా నవ్వింది.

"కాదను అక్కా. ఒక్కసారి... నా కోసం. నాది కాదు అను."

అక్క నోరు తెరిచింది. ఏదో అనబోయింది. లెక్కలమ్మాయి చేతిలో ఆ వేళ్ళు కొద్దిగా బిగిశాయి. అక్క నోరు మూసుకుంది.

"నాదే," అంది మళ్ళీ, చదివినట్టుగా.

డాక్టరు వచ్చింది. మొదటినుంచి అన్నీ చూసింది. చెయ్యి ఎత్తించి పది లెక్కపెట్టింది. కుడి చెయ్యి ఎనిమిది దగ్గర కాస్త వణికింది. ఎడమది రాయిలా నిలిచింది. స్కానింగులో ఏమీ లేదు. బండిలో వేసిన ఒక్క మార్కు కూడా తీసేసి సున్నా వేసింది.

"పదకొండోదీ అడిగాను. తన చెయ్యి తనదే అంటోంది. నువ్వు అనవసరంగా భయపడ్డావు."

"మేడమ్, అది మా అక్క చెయ్యి కాదు."

డాక్టరు కలం ఆగింది.

"చిన్నప్పుడు నా వల్లే ఇస్త్రీపెట్టె పడి అక్క మణికట్టు కాలింది. ఇంత మచ్చ. అది కనపడకుండా ఎప్పుడూ వాచీ పెట్టుకుంటుంది. ఇప్పుడు వాచీ తీసేశారు. చూడండి, మచ్చ లేదు. బావా, నువ్వు చెప్పు, మచ్చ ఉంది కదా?"

బావ తల గోక్కున్నాడు. "ఉండేదేమో. తగ్గిపోయిందేమో మరి."

"అక్కా, నువ్వు చెప్పు."

"ఏ మచ్చే?" అంది అక్క.

చెయ్యి అక్కదేనని అక్కా డాక్టరూ ఒకటే చెప్పారు. ఆమె ఒక్కతే వేరు. నాలుగు నెలలుగా తను పట్టుకు వేలాడిన లెక్క ఇదే. ఇద్దరి మాట కలిస్తే నమ్మొచ్చు, కలవని గడిని కొట్టెయ్యొచ్చు. ఆస్పత్రి కంప్యూటరులోని తొమ్మిది వీడియోలు తీసి చూపించింది. డాక్టరు రెండు చూసి, తెర చిన్నగా ఉంది, వెలుతురు లేదు అంది. కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకొకటి చూసింది. తర్వాత లెక్కలమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ మాట రోగి అంటే నేను రెండు మార్కులు వేస్తాను. నువ్వు అంటున్నావు. ఏం వెయ్యమంటావు?"

ఆమె తెర మీది వంకర వేలినే మళ్ళీ చూపించింది.

"నీ ఎడమ చెయ్యి ఎత్తు," అంది డాక్టరు నెమ్మదిగా. "కళ్ళు మూసుకో."

ఆమె ఎత్తింది. డాక్టరు పది లెక్కపెట్టింది. చెయ్యి దిగలేదు. అందుకు కూడా ఆమెకి ఏడుపే వచ్చింది.

"నిద్ర లేక ఇలా ఉన్నావు. మీ అక్కని ఇంటికి తీసుకెళ్ళు. రేపు పొద్దున తీసుకురండి, మళ్ళీ చూస్తాను."

*

ఆరింటికి బయల్దేరారు. వాన అప్పుడే మొదలైంది. బావ కారు నడుపుతున్నాడు, వెనక సీట్లో దుప్పటి కప్పుకున్న అక్క, పక్కన చెల్లెలు. ముందు బండ్ల ఎర్ర దీపాలు అద్దం మీద కరిగి కారుతున్నాయి. కారు అడుగడుక్కీ ఆగుతోంది.

కొత్త ఫారాలు ఆపించాలని బయల్దేరే ముందు ఆమె ఆఫీసుకి ఫోను చేసింది. రేపు పొద్దున పెద్దసారు వచ్చాక మాట్లాడదాం, ఇవాళ ఏడు కేసులు బ్రహ్మాండంగా కలిశాయటగా, అన్నారు.

ఏడు.

అక్క ఆమె కుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సన్నగా గురక. అక్క తలనూనె వాసన, అక్క బట్టల్లో దారాల వాసన. అన్నీ అక్కవే. లెక్కలమ్మాయి కదలకుండా కూర్చుంది.

"నిద్రపోయిందా?" అన్నాడు బావ గుసగుసగా.

"ఊఁ."

"పాపం, అలిసిపోయింది."

దుప్పటి కింద ఏదో కదిలింది.

అక్క గురక ఆగలేదు. ఎడమ చెయ్యి ఒక్కటే మెల్లిగా బయటికి వచ్చింది. అక్క ఒడిలోంచి దిగింది. సీటు మీద కాసేపు ఆగింది, దారి గుర్తు తెచ్చుకుంటున్నట్టు. తర్వాత లెక్కలమ్మాయి చేతి మీదికి ఎక్కింది. ఆమె అరవాలనుకుంది. అరిస్తే అక్క లేస్తుంది. లేచి ఏమంటుందో ఆమెకి తెలుసు.

చెయ్యి ఆమె చేతిని పట్టుకోలేదు. గిల్లలేదు. మెత్తగా వెల్లకిలా తిప్పి, అరచెయ్యి మీదుగా మణికట్టు దాకా వెళ్ళింది. బొటనవేలు కింద అంగుళం లోపలికి, ఎముక పక్కన రెండు వేళ్ళు ఆనించింది. చూపుడు వేలు, మధ్య వేలు. ఆ పట్టు ఎవరికి పడితే వాళ్ళకి రాదు. బండిలో కూర్చునే వాళ్ళకి మొదటి వారంలో నేర్పిస్తారు. అక్క జన్మలో ఎవరి నాడీ చూడలేదు. తొమ్మిదిసార్లు తన గ్లవుజు వేళ్ళ మధ్య పడుకుని, ఇది తన పనే నేర్చుకున్నట్టుంది.

ఆ రెండు వేళ్ళూ అటూ ఇటూ జరిగాయి... వెతికాయి... నాడి దొరికింది.

దొరికాక ఇక కదల్లేదు.